‘అనడంలో అతిశయోక్తి లేదు’: వాద వ్యాసంలో ఈ మాటకు పనేమిటి?

అమలాపురం నుంచి ప్రశ్న:
డిగ్రీ పిల్లల వాద వ్యాసాల్లో ‘అనడంలో అతిశయోక్తి లేదు’, ‘అందరికీ తెలిసిన విషయమే’, ‘చెప్పక తప్పదు’ అనే మూడు మాటలూ పేజీకి రెండుసార్లైనా తగులుతున్నాయండి. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కొట్టేయాలా, ఉంచాలా? కొట్టేస్తే పిల్లలకి కారణం ఏం చెప్పాలి?

తణుకు నుంచి:
మాట మంచిదేనండి, వచ్చి కూర్చున్న చోటే మంచిది కాదు. అతిశయోక్తి అంటే ఉన్నదాన్ని మించి చెప్పడం. అది లేదనాలంటే ఉన్నది ఎంతో ముందు చూపించాలి. ‘ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే గోదావరి డెల్టా ఎడారి అయిపోయేది అనడంలో అతిశయోక్తి లేదు’ అని రాస్తారు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే నేల ఎడారి ఎలా అవుతుంది? లేదన్న వాక్యంలోనే అతిశయోక్తి ఉంది.

దాన్ని ఇలా దిద్దించండి: ‘1852లో ఆనకట్ట పూర్తయి కాలవలకు నీరందాక, వానాకాలపు పంట సార్వాకి డెల్టా రైతు వాన మీదే ఆధారపడే అవసరం తగ్గింది. కాలవ నీరు లేకపోతే రెండో పంట దాళ్వాలో ఇంత మేర వరి వేయలేరు.’ చూడ్డానికి మెత్తగా ఉంది గానీ, పడగొట్టడం కష్టం. ఎడారి అన్న వాక్యాన్ని ఒక్క వానపాతం లెక్కతో పడగొట్టొచ్చు.

పరీక్ష కూడా తేలికే. ఆ మాట మీద గీత కొట్టి, మిగిలిన వాక్యాన్ని ‘ఎందుకు?’ అని అడగమనండి. వెంట వచ్చే రెండు వాక్యాల్లో జవాబు దొరకలేదా, అక్కడ ఆధారం లేదన్నమాట. ‘అందరికీ తెలిసిన విషయమే’ కూడా అంతే. నిజంగా అందరికీ తెలిస్తే రాయక్కర్లేదు, తెలియకపోతే రుజువు కావాలి.

భీమవరం నుంచి:
వీటికంటే ‘కాబట్టి’ దగ్గర ఎక్కువ మార్కులు పోతున్నాయండి. ‘ఊళ్ళో రొయ్యల చెరువులు తవ్వారు. తరవాత బావి నీళ్ళు ఉప్పబడ్డాయి. కాబట్టి చెరువులే కారణం.’ కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయ న్యాయం పుట్టిందే దీనికి. చెరువులే కారణం కావచ్చు, కానీ వ్యాసం ఆ సంగతి తేల్చలేదు. చెరువులో పెట్టింది ఉప్పునీరేనా? ఊట బావి వైపు దిగే దారి ఉందా? సముద్రం ఎంత దూరం, బోర్లతో ఎంత తోడుతున్నారు? అన్నిటికంటే ముఖ్యం, చెరువులు లేని పక్క ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయి? ఈ చివరి ప్రశ్నకి జవాబు రాసిన వ్యాసం మిగతావాటికంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

మన తర్కంలో వాదానికి ఐదు అవయవాలు: ప్రతిజ్ఞ (రుజువు చేయాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణని ఈ విషయానికి అన్వయించడం), నిగమనం (చివరికి తేలిన మాట). కొండమీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగ, ఈ కొండమీదా అలాంటి పొగే ఉంది, కనుక నిప్పుంది. పిల్లలు మొదటిది రాసి ఐదోదానికి దూకేస్తారు. ప్రతిజ్ఞనే వేరే మాటల్లో తిరగరాసి నిగమనం అనుకుంటారు.

అమలాపురం నుంచి:
మరి పూర్వపక్షం, అంటే ఎదుటి పక్షం వాదన, సంగతేంటండీ? ‘కొందరు కాదంటారు, కానీ వారి వాదన సరికాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

రాజమహేంద్రవరం నుంచి:
ఆ ‘కొందరు’ ఎవరో ముందు రాయించాలండి. మీ కోనసీమ విషయమే తీసుకుందాం. 2011 సార్వాలో అక్కడి రైతులు వరి వేయకుండా క్రాప్ హాలిడే పాటించారు. అది సరికాదని వాదించే విద్యార్థి ‘రైతులు బాధ్యత మరిచారు’ అని రాస్తే, ఎవరూ చెయ్యని వాదాన్ని ఓడించినట్టే. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు కాలవలు పూడిపోయి చేలు ముంపుకి గురవుతున్నాయి అని రైతులు చెప్పిన కారణాలు రైతులే చదివి ‘అవును, మేమన్నది ఇదే’ అనేటట్టు రాయాలి. అప్పుడు కౌలు రైతు మాటేమిటి, ఊడ్పులు లేకపోతే కూలీలకి పనెక్కడ అని తన పక్షం ఎత్తుకోవచ్చు. 600 మాటల వ్యాసంలో పూర్వపక్షానికి 120 మాటలైనా ఇవ్వాలి. మధ్యలోనో, ముగింపుకి ముందో పెట్టాలి. చివరి పేరాలో పెడితే దానికి జవాబు చెప్పే చోటుండదు.

ఇంకో సంగతి. ‘క్రాప్ హాలిడే వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అని మొదలుపెడితే అది ప్రతిజ్ఞ కాదు. దాన్ని కాదనేవాడే ఉండడు.

ఇక మీ మొదటి ప్రశ్నలో ‘చెప్పక తప్పదు’ మిగిలిపోయింది. దాన్ని ఒక్కచోట ఉంచొచ్చండి, తన పక్షానికి ఎదురొచ్చే నిజాన్ని ఒప్పుకునే చోట. ‘మురుగు కాలవల పూడిక తీయకపోవడం రైతు తప్పు కాదని చెప్పక తప్పదు.’ ఇక్కడ మాత్రం కొట్టేయకండి.