‘బ్యాండికూట్’ అనే ఇంగ్లీషు పదం గురించి సహాయం కోరుతున్నాను

మొన్న మా మేనకోడలితో స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు పదాలు పేర్చే ఆట) ఆడుతుండగా, బోర్డు మీద ఒకే వరుసలో ‘బ్యాండ్’, ‘కూట్’ అనే రెండు పదాల మధ్య ఒక్క గడి ఖాళీగా కనిపించింది. అందులో ‘ఐ’ బిళ్ల పెట్టగానే అది ‘బ్యాండికూట్’ అయింది. బి, సి అక్షరాలకు చెరి 3, డికి 2, మిగిలిన ఆరింటికి ఒక్కొక్కటి చొప్పున 14 పాయింట్లు వచ్చాయి.

ఇది మన పందికొక్కే అంటే అమ్మాయి నమ్మలేదు. తనకు తెలిసిన బ్యాండికూట్ ఆస్ట్రేలియాలో ఉండే, కడుపు దగ్గర సంచి గల జంతువు. దానికీ ఎలుక జాతికీ సంబంధం లేదు. అయితే ఇంగ్లీషు నిఘంటువులు మూలం తెలుగు ‘పందికొక్కు’ అనే చెబుతున్నాయి. ధాన్యపు కొట్టాల కింద బొరియలు తవ్వే మన జీవి పేరు, పోలికను బట్టి అక్కడి జంతువుకు చేరింది. అంతేకాక, పైన మొక్క కదలకుండా కింది బంగాళాదుంపలను దొంగతనంగా తవ్వుకోవడానికి ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఇదే మాటను క్రియగా వాడతారు. మన పందికొక్కు బుద్ధి అచ్చంగా అందులో ఉందని నాకు అనిపిస్తుంది.

భాషాశాస్త్రం తెలిసినవారు, మొదటి ‘ప’కారం ఇంగ్లీషులో ‘బ’కారంగా ఎందుకు మారిందో దయచేసి వివరించగలరా? అలాగే పోటీల్లో ఆడేవారు, దీని క్రియారూపాలను, ముఖ్యంగా ‘బ్యాండికూటెడ్’ను, ఏయే పదజాబితాలు అంగీకరిస్తాయో తెలియజేయగలరు.