రిటర్న్ గిఫ్టుల్లో బాబుల ప్యాక్, పాపల ప్యాక్ ఎందుకండీ? అందరికీ ఒకటే ఇవ్వాలంటే ఏం కొనాలి?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు

అందరికీ నమస్తే. మా పాపకి వచ్చే నెల ఆరేళ్ళు నిండుతున్నాయి, క్లాసు పిల్లలూ అపార్ట్‌మెంట్ పిల్లలూ కలిపి ముప్పై మంది దాకా వస్తారు. రిటర్న్ గిఫ్టుల కోసం అరండల్‌పేటలో ఒక షాపుకెళ్తే కౌంటర్లో అబ్బాయి మొట్టమొదట అడిగింది "బాబులెంతమంది, పాపలెంతమంది మేడమ్" అని. వయసు అడగనే లేదు. బాబుల ప్యాక్‌లో భూతద్దం, దిక్సూచి, చిన్న పజిల్, నీలం కవరు. పాపల ప్యాక్‌లో క్లిప్పులు, గాజులు, చేతి అద్దం, పింక్ కవరు. రేటు రెండూ ఒకటే. మా పాప నీలం కవరు పట్టుకుని వదల్లేదు, ఆ అబ్బాయి నవ్వుతూ "అది అన్నయ్యలది బుజ్జీ, నీది ఇది" అని అది తీసుకుని పింక్‌ది చేతిలో పెట్టాడు. కసరలేదు, ముద్దుగానే అన్నాడు. పిల్ల మళ్ళీ అడగలేదు, నాకు బాధేసింది అక్కడే.

ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో చూద్దామంటే అక్కడా బాయ్స్, గర్ల్స్ అనే ఫిల్టర్. గర్ల్స్ నొక్కితే మేకప్ సెట్లు, వంట సెట్లు, బాయ్స్ నొక్కితే జేసీబీలు, గన్నులు, సైన్స్ కిట్లు. ఇంత చిన్నదానికి అంత ఆలోచనెందుకు అంటారు మా ఆయన. నాకు చిన్నదిగా అనిపించట్లేదు. అసలు ఈ విడగొట్టడం ఎక్కణ్ణుంచి వచ్చింది? వంద రూపాయల్లోపు అందరికీ ఒకటే ఇవ్వాలంటే మన గుంటూరు, విజయవాడల్లో ఏం దొరుకుతాయి?

వన్‌టౌన్ బొమ్మల షాపు, విజయవాడ

మేడమ్, మాది మా నాన్నగారి కాలం నుంచీ ఇదే వ్యాపారం, షాపు వైపు నుంచి ఉన్నదున్నట్టు చెప్తాను. మా దగ్గరకొచ్చేవాళ్ళలో చాలామంది సొంత పిల్లలకి కొనేవాళ్ళు కాదు, ఫంక్షన్‌కి పోతూ దారిలో ఆగి "ఓ మూడొందల్లో ఏదన్నా ఇవ్వు బాబూ" అనేవాళ్ళు, బయట బండి ఇంజను కూడా ఆపరు. ఆ బిడ్డ దేంతో ఆడుకుంటదో వాళ్ళకి తెలీదు, వయసు కూడా అటూఇటుగా చెప్తారు, కచ్చితంగా తెలిసేది బాబా పాపా అన్నదొక్కటే. అందుకని మేం అదే అడుగుతాం, ర్యాకులూ అట్లాగే సర్దుతాం. కంపెనీ నుంచి సరుకు రావటమే అట్లా వస్తది. ఒకే సైకిలు, అవే చక్రాలు, ఒకటి పింక్, ఒకటి బ్లూ. అక్కకి పింక్ సైకిలు కొన్న ఇంట్లో తర్వాత తమ్ముడు పుడితే ఆ సైకిలు బాగానే ఉన్నా వాడికి కొత్తది కొంటారు. అమ్మకం రెండింతలు. ఇందులో దాచేదేం లేదు.

నిజానికి మాకు ప్రభుత్వం రూలు పెట్టింది వయసు చూసి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, చిన్న పార్టులు ఊడొచ్చేవైతే మూడేళ్ళ లోపు వాళ్ళకి పనికిరాదని డబ్బా మీదే ఉంటది. ముందు చూడాల్సింది అదీ. మీరు షాపులోకి అడుగు పెట్టగానే "ఆరేళ్ళ పిల్లలు, ముప్పై మంది, అందరికీ ఒకటే" అని మీరే అనేయండి. ఎవ్వరూ కాదనరు, ఒకటే రకం టోకున తీసుకుంటే రేటు కూడా తగ్గిస్తారు.

గుంటూరోణ్ణి, ప్రస్తుతం సాన్‌హోసే

ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు కదా అక్కా. పింక్ అమ్మాయిలదన్న రూలు అంత పాతదేం కాదు, 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి మగపిల్లలకి పింక్, ఆడపిల్లలకి నీలం బాగుంటాయని రాసింది. సియర్స్ అని ఇంటింటికీ కేటలాగ్ పంపే పెద్ద కంపెనీ ఉండేది, ఆ పాత కేటలాగులు తిరగేసి ఎలిజబెత్ స్వీట్ అనే సోషియాలజిస్టు లెక్క తీశారు, 1975 నాటి దాంట్లో ఇది అబ్బాయిలకి, ఇది అమ్మాయిలకి అని తేటగా రాసి అమ్మిన బొమ్మలు రెండు శాతం కూడా లేవు. తర్వాత 1984లో అక్కడ పిల్లల టీవీ మీద యాడ్‌ల ఆంక్షలు ఎత్తేశారు, దాంతో బొమ్మ అమ్మడానికే కార్టూన్లు తీయడం ఎక్కువైంది, అబ్బాయిలకో షో అమ్మాయిలకో షో, షాపులో ర్యాకులు కూడా అట్లాగే చీలిపోయాయి. అంటే మీ అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న ఆచారమేం కాదిది, మనం పుట్టే రోజుల్లో గట్టిపడిన అమ్మకం పద్ధతి.

ఇక్కడ కాలిఫోర్నియాలో 2021లో చట్టం చేశారు, 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. రాష్ట్రంలోని బ్రాంచీలన్నీ కలిపి 500 మందీ ఆపైన ఉద్యోగులుండే పెద్ద స్టోర్లలో బొమ్మలమ్మితే ఆడామగా తేడా లేని సెక్షన్ ఒకటి పెట్టాలి, లేకపోతే మొదటిసారి 250 డాలర్ల దాకా, తర్వాత 500 దాకా ఫైన్. బాయ్స్, గర్ల్స్ సెక్షన్లు ఉండకూడదని మాత్రం చట్టం చెప్పదు. టార్గెట్ అనే పెద్ద స్టోర్ల కంపెనీ వాళ్ళు అయితే 2015లోనే, ఏ చట్టమూ లేకముందే, కొనేవాళ్ళు అడుగుతున్నారని బొమ్మల దగ్గర ఆ బోర్డులు తీసేస్తామన్నారు. నాకైతే చట్టం కన్నా అదే గట్టి దారి అనిపిస్తది, కొనేవాళ్ళు అడగాలి.

పట్టాభిపురం అమ్మమ్మ

అంతా కంపెనీల మీదకి తోసేస్తే నేను ఒప్పుకోను నాయనా. మా చిన్నప్పుడు ఏ కంపెనీ వచ్చింది? వామనగుంటలు, తొక్కుడుబిళ్ళ, గచ్చకాయలు మేం ఆడేవాళ్ళం, గోలీలు, బొంగరాలు, బిళ్ళంగోడు మగపిల్లలవి. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పెట్టిందే అది. మా మనవరాలికి బొమ్మకి జడ వెయ్యడమంటే ప్రాణం, ఎవరూ నేర్పలేదు, దాన్ని తప్పంటే నాకు కోపమొస్తది. అయితే పిల్ల ఇష్టపడి పట్టుకున్నది చేతిలోంచి తీసుకోవడం మాత్రం నాకూ నచ్చలేదు తల్లీ.

నర్సరీ టీచర్, మంగళగిరి

అమ్మమ్మగారూ, మీరన్నది నిజమే, ఇళ్ళల్లో ముందు నుంచీ ఉంది. జడ వెయ్యడం తప్పని కూడా ఎవ్వరూ అనట్లేదండీ. కానీ మీ ఆటల్లో తొక్కుడుబిళ్ళ గడుల్లోకి తమ్ముడొచ్చి గెంతితే గెంతనిచ్చేవాళ్ళు కదా, గోలీలాడిన ఆడపిల్లలు ప్రతి వీధికీ ఉండేవాళ్ళు, ఆట నేల మీద ఉండేది కాబట్టి ఎవరైనా వచ్చి కలిసేవాళ్ళు. ఇప్పుడు కవరుకి సీల్ వేసి పేరు రాసి ఇస్తున్నారు, లోపల ఇంకేముందో కూడా పిల్లకి తెలియనివ్వట్లేదు. నేను బాధపడేది దానికి.

మా క్లాసులో లక్కపిడతలూ చెక్క దిమ్మలూ ఒకే చాప మీద పెడతాం. మగపిల్లలు వంట మొదలుపెడితే ఇక మాటలే మాటలు, పప్పులో ఉప్పెక్కువైందని ఒకడు, చుట్టాలొచ్చారని ఇంకొకడు, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా అక్కడ మాట్లాడతారు. దిమ్మల దగ్గర ఆడపిల్లలు బ్యారేజీ కడతారు, ఏ దిమ్మ ఎటు తిప్పితే కూర్చుంటదో చూసి చూసి కడతారు. రెండూ రెండు రకాల పనితనాలు, సగం మందికి ఒకటీ సగం మందికి ఒకటీ పంచితే ఇద్దరికీ నష్టమే. ఒక నాన్నగారు మగపిల్లాడికి గరిటె ఎందుకిచ్చారని అడిగారు, హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో వండేది ఎవరండీ అన్నాను, ఇంకేం మాట్లాడలేదు.

ఇక గిఫ్టుల సంగతి. ఏటికొప్పాక లక్క బొంగరాలు చూడండి, అంకుడు కర్రతో చేసి సహజ రంగులు వేస్తారు, అందరూ తిప్పుతారు. విజయవాడ లేపాక్షి షోరూమ్‌లో అడగండి. వాటి మీద ఐఎస్ఐ మార్కు లేదని కంగారు పడొద్దు, జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అన్న గుర్తింపు ఉన్న చేతిపని బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు. కొండపల్లివి అందంగా ఉంటాయి గానీ తెల్లపొణికి చాలా తేలికైన కర్ర, రోజూ విసిరి ఆడితే విరుగుతది, కొలువులో పెట్టుకోడానికే బాగుంటాయి. బడ్జెట్‌లోనే కావాలంటే గుడ్డ మీద అష్టాచెమ్మా గీయించి గవ్వలు కలిపి ఇవ్వండి, లేదంటే భూతద్దం ఒక్కటే అందరికీ తీసుకోండి, స్టేషనరీ షాపుల్లో విడిగా దొరుకుతాయి.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు

చాలా థాంక్స్ అందరికీ. భూతద్దం, అష్టాచెమ్మా గుడ్డ రెండూ కలిపి ఇస్తాను, అందరికీ ఒకే ఖాకీ కవరు. గవ్వలు ఎక్కడ దొరుకుతాయి టీచర్‌గారూ?

నర్సరీ టీచర్, మంగళగిరి

పూజా సామాన్ల షాపుల్లో అడగండి. బర్త్‌డేకి చంకలో చంటిపిల్లల్ని కూడా తెస్తారు కదా, వాళ్ళకి మాత్రం గవ్వల కవరు ఇవ్వొద్దు, టక్కున నోట్లో పెట్టేసుకుంటారు. వాళ్ళ కోసం విడిగా బట్ట బంతులు తీసుకోండి.