జిరాక్స్ షాపు పాత సిస్టమ్: మొత్తం తుడిచి ఇవ్వాలి, ఏ ఓఎస్ పడుతుంది?

ప్రశ్న:
నమస్తే అండీ. తెనాలిలో మా నాన్నగారి జిరాక్స్, డీటీపీ షాపు మూసేశాం. ఆ సిస్టమ్‌ని ఇంటర్‌లో చేరిన మా మేనల్లుడికి ఇద్దామనుకుంటున్నాం. కోర్ 2 డుయో ఈ7500, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. బోర్డు మీద జీ41 అని ఉంది. కస్టమర్ల ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ కాపీలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు పదేళ్ల నుంచీ డీ డ్రైవ్‌లోనే పడున్నాయి. సర్వీస్ కుర్రాణ్ని అడిగితే "ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేసిస్తా" అన్నాడు. ఇచ్చెయ్యనా?

జవాబు 1:
ఇవ్వకండి, ఆగండి. ఫార్మాట్ కొట్టడమంటే మన దగ్గర చాలామంది సీ డ్రైవ్ ఒక్కటే కొడతారు. డీ డ్రైవ్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒకవేళ రెండూ కొట్టినా, క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్లు పోవు. మా చెల్లి పెళ్లి ఫొటోల డిస్క్‌ని ఎవరో అలాగే కొట్టేస్తే, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక రాత్రి కూర్చుని దాదాపు అన్నీ వెనక్కి తీశాను. మాకది అదృష్టం. మీ ఊళ్లో వాళ్ల ఆధార్‌లు అలా బయటికొస్తే?

ఇక ఓఎస్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, మీ బోర్డులో ఉండదు. అడ్డదారిలో వేద్దామన్నా విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేని ప్రాసెసర్ మీద అది బూటే కాదు. ఈ7500లో అది లేదు. కాబట్టి లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఓఎస్ వేసుకోండి, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. మీది 64 బిట్ ప్రాసెసరే కాబట్టి పడుతుంది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

జవాబు 2:
డీటీపీ షాపు అన్నారు కదా, తుడిచే ముందు ఒక్క మాట. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. నాన్నగారు దాచుకోవాలనుకునే శుభలేఖలు, కరపత్రాలు ఉంటే ఇప్పుడే, ఆ సిస్టమ్‌లోనే పీడీఎఫ్ చేసి పెన్ డ్రైవ్‌లో వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
పీడీఎఫ్‌లు తీశాం. నాన్న రెండు రోజులు కూర్చున్నారు, పాత శుభలేఖలు చూసుకుంటూ. ఇప్పుడు తుడవడం ఎలా?

జవాబు 1:
8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి చాలు. రూఫస్ అనే, పెన్ డ్రైవ్‌తో బూట్ అయ్యేలా ఓఎస్ ఎక్కించే ప్రోగ్రాంతో మింట్ ఎక్కించండి, కానీ మీ ల్యాప్‌టాప్‌లో చెయ్యండి. కొత్త రూఫస్ విండోస్ 7 మీద నడవదు. ఆ పెన్ డ్రైవ్‌తో బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చెయ్యకుండానే మింట్ తెరుచుకుంటుంది. 2 జీబీతో నత్తనడకే, ఓపిక పట్టండి. మెనూలో డిస్క్స్ అని ఉంటుంది. 320 జీబీ డిస్క్‌ని ఎంచుకుని, ముందు స్మార్ట్ డేటా (డిస్క్ ఆరోగ్యం వివరాలు) చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్ కౌంట్, అంటే పాడై పక్కన పెట్టిన చోట్ల లెక్క, సున్నా అయితే డిస్క్ ఇంకా పనికొస్తుంది. తర్వాత 'ఫార్మాట్ డిస్క్' నొక్కి, డేటా మీద సున్నాలు రాసే స్లో ఆప్షన్ ఎంచుకోండి. గంటా గంటన్నర పడుతుంది. ఒక్కసారి రాస్తే చాలు, ఏడుసార్లు రాయాలనేది పాతకాలపు మాట. పీడీఎఫ్‌లున్న పెన్ డ్రైవ్ మాత్రం ముందే పీకి పక్కన పెట్టండి. పొరపాటున దాన్ని ఎంచుకుంటే నాన్నగారి రెండు రోజుల పనీ గంగలో కలిసినట్టే.

అది పూర్తయ్యాక అదే స్క్రీన్ మీదున్న 'ఇన్‌స్టాల్' గుర్తు నొక్కండి.

ప్రశ్న అడిగినవారు:
బూట్ మెనూలో పెన్ డ్రైవ్ కనిపించడం లేదండీ.

జవాబు 3:
ఈ పాత బోర్డుల్లో యూఎస్‌బీ జాబితాలో వెతికితే దొరకదు, హార్డ్ డిస్క్‌ల జాబితాలో దాక్కుంటుంది. అక్కడ చూడండి. అక్కడ ఉండి కూడా బూట్ కాకపోతే రూఫస్‌లో పార్టిషన్ పద్ధతి దగ్గర జీపీటీ ఎంచుకుని ఉంటారు. పాత పద్ధతి ఎంబీఆర్ పెట్టి మళ్లీ ఎక్కించండి.

ప్రశ్న అడిగినవారు:
నిజంగానే జీపీటీ! మార్చాక వచ్చింది. కౌంట్ సున్నాయే. తుడవడానికి 74 నిమిషాలు పట్టింది, ఇన్‌స్టాల్ కూడా అయింది. కానీ ఏ సైట్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటోంది.

జవాబు 3:
తేదీ చూడండి. 2009 అనో 2010 అనో ఉంటే బోర్డు మీద బిళ్ల సెల్ అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, వాచీ షాపులో కూడా దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
సెల్ మార్చాం, సరిపోయింది. యూట్యూబ్ పాఠాలు మాత్రం తడబడుతున్నాయి.

జవాబు 1:
వీడియో క్వాలిటీ 480 దగ్గర పెట్టుకోమనండి. 4 జీబీ ర్యామ్ వేస్తే మిగతాదంతా హాయిగా ఉంటుంది. కానీ జీ41 బోర్డుల్లో కొన్నిటికి డీడీఆర్2 రకం ర్యామ్, కొన్నిటికి డీడీఆర్3 రకం. డీడీఆర్3 అయితే 4 జీబీ స్టిక్‌కి రెండు వైపులా కలిపి 16 చిప్పులుండాలి. 8 చిప్పులవి ఈ బోర్డుకి పడవు. విజయవాడ వెళ్తే ఫొటో చూపించడం కాదు, ఉన్న స్టిక్ పీకి జేబులో వేసుకుని వెళ్లండి.