మాస్కో ప్రకటన మీద వ్యవసాయ మంత్రి సంతకం ఎందుకు?

కడప చదువరి:
గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటూ, 1956 అక్టోబరు 19న మాస్కోలో కుదిరిన, రెండు దేశాల దౌత్య సంబంధాలను పునరుద్ధరించిన జపాన్–సోవియట్ సంయుక్త ప్రకటన దగ్గర ఆగిపోయాను. జపాన్ తరఫున సంతకం చేసిన ముగ్గురిలో ప్రధాని ఇచిరో హతొయామా, దౌత్య ప్రతినిధి షున్‌ఇచి మత్సుమోతో ఉండడం సహజమే. విదేశాంగ మంత్రిని వదిలి వ్యవసాయ, అటవీ శాఖ మంత్రి ఇచిరో కోనో చేత సంతకం పెట్టించడం ఎందుకో తెలిసినవారు చెప్పగలరు.

పెన్నాగట్టు:
దానికి మూలం చేపల్లో ఉందండి. అప్పట్లో చేపల వేట వ్యవహారాలు కూడా కోనో శాఖ కిందివే. ఆ శాఖ పేరులో మత్స్య అనే మాట చేరింది 1978లోనే. 1956 మార్చిలో సోవియట్ ప్రభుత్వం వాయవ్య పసిఫిక్‌లో గీత గీసి సాల్మన్ వేటకు పరిమితి పెట్టడంతో, వేట కాలం ముంచుకొస్తున్న జపాన్ మత్స్యకారులు దిక్కుతోచక నిలబడ్డారు. కోనో మాస్కో వెళ్లి, సోవియట్ ప్రధాని బుల్గానిన్‌తో మాట్లాడి, మేలో ఒప్పందం తెచ్చారు. మెలిక ఏమిటంటే, శాంతి ఒప్పందమో దౌత్య సంబంధాల పునరుద్ధరణో జరిగితేనే అది పూర్తిగా అమలులోకి వస్తుంది. చేపల కోసం వెళ్లిన మనిషి అలా దౌత్యంలో చిక్కుకున్నారు.

పాత పత్రిక:
చిక్కుకున్నారనడం కంటే కోరి దిగారనడం సబబు. కోనో అసాహి పత్రికలో విలేకరిగా పనిచేసి 1932లో పార్లమెంటుకు వచ్చినవారు; హతొయామాకు కుడిభుజం. 1961లో మళ్లీ వ్యవసాయ శాఖ చేపట్టారు గానీ విదేశాంగ శాఖ ఆయనకు ఎన్నడూ దక్కలేదు. ఆ పదవిని కొడుకు యోహెయ్, మనవడు తారో ఇద్దరూ నిర్వహించారు.

మైదుకూరు రైతు:
మా వైపు కేపీ (కృష్ణాపురం) ఉల్లి వేసేవారికి ఇది వింతేమీ కాదు. మలేసియా, సింగపూర్ వెళ్లాల్సిన సరుకు గోతాలకెత్తి కుడుతుండగా ఢిల్లీలో ఎగుమతి ఉత్తర్వు మారిందన్న కబురు వస్తే, దబ్బనం పక్కన పెట్టి కూర్చోవడమే. మా గోడు పట్టుకుని పరదేశానికి వెళ్లే మంత్రి ఉంటే బాగుండుననిపిస్తుంది. అయితే సోవియట్ అధీనంలో ఉండి జపాన్ తమవంటున్న దీవులను చేపల కోసం వదిలేశారన్న నింద కోనో మీద లేదా?

పెన్నాగట్టు:
ఉంది, కానీ నాకది పూర్తి న్యాయమనిపించదు. శాంతి ఒప్పందం జరిగాక హబొమాయి, షికోటాన్ దీవులను అప్పగిస్తామని ఆ ప్రకటనలోనే రాశారు. ఆ ఒప్పందం నేటికీ జరగలేదు. సోవియట్ అడ్డు తొలగి 1956 డిసెంబరు 18న జపాన్‌కు ఐక్యరాజ్యసమితిలో చోటు దొరికింది మాత్రం ఆ సంతకాల వల్లనే.