‘జెండా పాట’ను ఇంగ్లీషులో ఏమనాలి? రోజుకు పది మాటలు బట్టీ పడితే రచయితలమవుతామా?

మిర్చి యార్డు:
మాది పరకాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇప్పుడు హన్మకొండలో ఎం.ఏ. చదువుతూ ఇంగ్లీషులో కథలు రాయడానికి ప్రయత్నిస్తున్నాను. రెండేళ్లుగా రోజుకు పది కొత్త మాటలు రాసుకుని బట్టీ పడుతున్నాను. నాలుగు నోటుబుక్కులు నిండాయి.

నాన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తీసుకెళ్లిన ఒక రోజు గురించి కథ రాసి ఒక పత్రికకు పంపితే తిరిగి వచ్చింది. ఘాటుకు కళ్లలో నీళ్లు తెప్పించే గాలిని ‘లాక్రిమోస్’ గాలి అన్నాను. పర్యాయపద కోశంలో దొరికిన మాట అది. సంపాదకురాలు దాని కింద గీత గీసి, ‘గాలి ఎందుకు ఏడుస్తోంది?’ అని రాశారు. మార్కెట్‌లో ఆ రోజు పై ధర తేల్చే వేలం ‘జెండా పాట’ను ‘ఫ్లాగ్ సాంగ్’ చేశాను. అక్కడ రైతులు లేచి నిలబడతారా అని అడిగారు.

నోటుబుక్కులు అటక మీద పడేయాలా, ఐదోది కొనాలా? చెప్పండి.

బట్టీ మాస్టారు:
కొను తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా పోటీ పరీక్షలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ‘బట్టీ’ అనే మాటను తిట్టుగా వాడేవాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఎక్కాలు బట్టీ పట్టినవాళ్లే. పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో ఒక లెక్క వేశాడు. ఇంగ్లీషు నవలనో దినపత్రికనో సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలి. ‘గో, గోయింగ్, గాన్’ కలిపి ఒక కుటుంబం. రోజుకు పది చొప్పున అయితే రెండున్నరేళ్ల పని. నువ్వు గట్టుకు దగ్గరలో ఉన్నావు, ఇప్పుడు ఈత ఆపుతావా?

కాజీపేట జంక్షన్:
మాస్టారు గారి లెక్క బాగుంది, కానీ అది చదవడానికి వేసిన లెక్క. ఇక్కడి ప్రశ్న రాయడం గురించి. చదివేటప్పుడు మాటను గుర్తుపడితే చాలు. రాసేటప్పుడు దాని చుట్టాలెవరో, ఎవరితో పొత్తు కుదురుతుందో తెలియాలి. అది చదువుతూ ఉంటేనే అబ్బుతుంది.

మన మాటే చూడండి. వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, ఎండ కాస్తుంది. తెలుగు నేర్చుకుంటున్న పరాయి మనిషి ఎండ అంటే ఏమిటో, కాయడం అంటే ఏమిటో వేర్వేరుగా నోటుబుక్కులో రాసుకున్నాడనుకోండి, ‘ఎండ కాస్తోంది’ అని ఎన్నటికైనా రాస్తాడా? చెట్టుకు కాయలు కాసినట్టు ఎండ కాయడం అతనికి తట్టదు. ఇంగ్లీషు మాటలతో మన పరిస్థితీ అదే. వాళ్లు వానను ‘హెవీ’ అంటారు, గాలిని ‘స్ట్రాంగ్’ అంటారు. తారుమారు చేస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు.

ఇక ‘లాక్రిమోస్’. అది ఏడుపు ముఖానికి, దిగులు పుట్టించే పాటకు వాడే మాట. కన్నీళ్లు తెప్పించే వాయువును ‘లాక్రిమేటరీ’ అంటారు. కానీ మీ నాన్నగారి కథలో అదీ వద్దు. గాలికి కళ్లు మండాయి అని చిన్న మాటల్లో రాస్తే సరిపోయేది.

నిఘంటువుల పురుగు:
కోశాన్ని తిట్టే ముందు ఒక మాట. ఇంగ్లీషు పర్యాయపద కోశాల్లో పేరు మోసినదాన్ని పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో అచ్చు వేయించాడు. ఆయన మాటలను భావాన్ని బట్టి గుంపులు చేశాడు, వాటికి అర్థాలు చెప్పలేదు. తెలిసిన మాట సమయానికి గుర్తు రాకపోతే వెతుక్కోవడానికి అది పనికొస్తుంది. తెలియని మాటను అక్కడ ఏరుకుంటే పెళ్లిలో ఎవరి చెప్పులో వేసుకొచ్చినట్టే.

గుంపులో ఉన్నంత మాత్రాన మాటలన్నీ సమానం కావు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి పడ్డాయి, పండితుల చేతుల మీదుగా లాటిన్ మాటలూ చేరాయి. అడగడానికి ‘ఆస్క్’ పాత ఇంగ్లీషు, ‘క్వశ్చన్’ ఫ్రెంచి, ‘ఇంటరాగేట్’ లాటిన్. కొడుకు తండ్రి దగ్గర మొదటి పని చేస్తాడు, పోలీసులు మూడోది చేస్తారు. మనకు ఇది కొత్త కాదు. నాన్న ఇల్లు కట్టుకుంటాడు, పూజారి గృహప్రవేశం చేయిస్తాడు, ఆఫీసరు వచ్చి మకాం వేస్తాడు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ మాటల తూకం తెలిసిన వరంగల్ పిల్లవాడికి ఇంగ్లీషులోని ఈ అంతస్తులు పట్టుబడకపోవు. నోటుబుక్కులో అర్థం పక్కన ‘ఇది ఎవరి నోట వస్తుంది’ అని కూడా రాసుకోండి.

(సరదాకు: ఇంగ్లీషులోని ‘బ్యాండికూట్’ మన పందికొక్కే. మనమూ వాళ్లకు అప్పిచ్చాం.)

మంచిర్యాల గట్టు:
బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్న కాళోజీ తిరిగిన ఊళ్లో కూర్చుని లాటిన్ తూకాలు వేస్తున్నారా? తెలుగులో రాయండి, గొడవ వదిలిపోతుంది.

బట్టీ మాస్టారు:
ఆయన ఆ మాట తెలుగు గురించి అన్నారు. హన్మకొండ చౌరస్తాలో పిల్లవాడి చెవిన పడే ఇంగ్లీషు పలుకుబడి ఎంత? వాడికి ఇంగ్లీషు పుస్తకంలోనే ఉంది. పుస్తకంలోకి వెళ్లాలంటే గుమ్మం దాటాలి, గుమ్మం దాటడానికి మాటలు కావాలి. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాల బీరువా ఉన్నవాళ్లకు ‘చదువుతూ నేర్చుకో’ అనడం తేలిక.

కాజీపేట జంక్షన్:
ఇది ఒప్పుకుంటాను. మా ఇంట్లో బీరువా ఉండేది కాదు, స్టేషన్‌లో ప్రయాణికులు వదిలేసిన పత్రికలు ఉండేవి. అందులో ఒకే మాట నాలుగు చోట్ల కనబడేది. నాలుగోసారికి గానీ అది నాది కాలేదు.

మిర్చి యార్డు:
అందరికీ నమస్కారం. చిన్న మాటలు వాడమన్నారు కదా, అక్కడా చిక్కే వచ్చింది. కారానికీ వేడికీ ఇంగ్లీషులో ‘హాట్’ ఒక్కటే. మార్చి ఎండలో, కల్లంలో ఆరబోసిన మిర్చి మధ్య నిలబడిన మనిషికి ఏది వేడి, ఏది కారం? మొదట చిరాకు పడ్డాను. తర్వాత రెండు అర్థాలూ ఒకేసారి పలికేలా వాక్యం తిప్పి రాశాను. తెలుగులో ఆ వాక్యం కుదరదు.

‘జెండా పాట’ను అలాగే ఉంచాను. కథలో ఆ మాటకు ముందు, పొద్దున్నే వ్యాపారులు మంచి రాశి చుట్టూ మూగి వేలం పాడటం, ఆ ధర విని నాన్న తన బస్తాల వైపు ఒకసారి చూడటం రాశాను. ఇక అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఐదో నోటుబుక్కు కొన్నాను. ఈసారి రోజుకు మూడే మాటలు, చదివిన వాక్యంతో సహా. ఒక్కటి మాత్రం తేలలేదు. రంగు పోయి తెల్లబడిన తాలు కాయను ఏమనాలి? కోశం ‘చాఫ్’ అంటోంది.

బట్టీ మాస్టారు:
‘చాఫ్’ వద్దు తమ్ముడూ. అది వడ్ల తాలు.