పాడ్‌లు పదేపదే రీస్టార్ట్ అవుతున్నాయి. మెమరీ పెంచినా 137 కోడ్ పోవడం లేదు

నీలిమేఘం:
అందరికీ నమస్కారం. మా జావా సేవ ఒకటి కుబెర్నెటీస్ (కంటైనర్లను నడిపించి చూసుకునే వ్యవస్థ) క్లస్టర్‌లో మూడు పాడ్‌లుగా, అంటే కంటైనర్‌ను మోసే మూడు యూనిట్లుగా, నడుస్తోంది. రద్దీ పెరిగిన వేళల్లో మూడూ దాదాపు ఒకేసారి రీస్టార్ట్ అవుతున్నాయి. అలా రెండు మూడుసార్లు జరిగేసరికి క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్ (పదేపదే పడిపోయే కంటైనర్‌ను ఆగి ఆగి లేపే స్థితి) మొదలై, మళ్ళీ లేవడానికి పట్టే విరామం 10, 20, 40 సెకన్లుగా రెట్టింపవుతూ చివరకు 5 నిమిషాల దాకా పోతోంది. కంటైనర్ ప్రతిసారీ 137 కోడ్‌తోనే ముగుస్తోంది. 137 అంటే మెమరీ చాలకపోవడమేనని చదివి, లిమిట్‌ను 512 మెగాబైట్ల నుంచి 1 గిగాబైటుకు, ఆ తరువాత 2 గిగాబైట్లకు పెంచాను. ఫలితం లేదు. ఇటువంటిది ఎదుర్కొన్నవారు ఎలా బయటపడ్డారో దయచేసి చెప్పండి.

పహరా:
137 అంటే 128కి 9 కలిపిన సంఖ్య. ఆ 9 సిగ్‌కిల్ సంకేతానిది. ప్రాసెస్‌ను బలవంతంగా ఆపేశారని మాత్రమే ఆ సంఖ్య చెబుతుంది, ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చెప్పదు. మెమరీ లిమిట్ దాటినందుకు కెర్నెల్ ఆపినా 137 వస్తుంది, లైవ్‌నెస్ ప్రోబ్ (కంటైనర్ బతికే ఉందా అని పదేపదే అడిగే పరీక్ష) విఫలమైందని కుబెలెట్ (ప్రతి యంత్రంపైనా కంటైనర్లను చూసుకునే కుబెర్నెటీస్ భాగం) ఆపమన్నప్పుడు గడువులోగా ఆగని కంటైనర్‌కూ 137 వస్తుంది. నేనూ ఈ తేడా తెలియక రెండు వారాలపాటు లిమిట్లు పెంచుకుంటూ పోయినవాడినే కాబట్టి మీ అవస్థ నాకు అర్థమవుతోంది. కుబ్‌సీటీఎల్ డిస్క్రైబ్ పాడ్ ఆదేశం ఇచ్చి, ముందటి స్థితి దగ్గర కారణంగా ‘ఓఓఎమ్‌కిల్డ్’ (మెమరీ చాలక ఆపేశారు) అని ఉందా, ‘ఎర్రర్’ అని ఉందా చూడండి. అడుగున ఉన్న ఈవెంట్లను కూడా వదలకుండా చదవండి.

నీలిమేఘం:
పహరా గారూ, చూశాను. కారణం ‘ఎర్రర్’ అనే ఉంది. ఈవెంట్లలో లైవ్‌నెస్ ప్రోబ్ సమయం మించి విఫలమైందన్న వరుసలు చాలా కనిపించాయి. మా ఆరోగ్య పరీక్ష చిరునామా డేటాబేస్‌కు ఒక క్వెరీ పంపి, జవాబు వచ్చాకే సరే అంటుంది.

కొలిమి:
అయితే చిక్కు అక్కడే ఉంది. ప్రోబ్‌కు మీరేమీ చెప్పకపోతే ప్రతి 10 సెకన్లకు ఒకసారి అడుగుతుంది, 1 సెకను మాత్రమే ఆగుతుంది, వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే కంటైనర్‌ను రీస్టార్ట్ చేయిస్తుంది. రద్దీలో డేటాబేస్ కాస్త మందగించగానే మూడు పాడ్‌లూ ఒకేసారి పరీక్ష తప్పుతాయి, ఒకేసారి పడిపోతాయి, మళ్ళీ లేచి ఒక్కసారిగా కొత్త కనెక్షన్లు తెరిచి అదే డేటాబేస్ మీద ఇంకా భారం వేస్తాయి. డేటాబేస్ నెమ్మదించిందని మన ప్రాసెస్‌ను చంపుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ ప్రాసెస్ బతికి ఉందా లేదా అన్నదొక్కటే లైవ్‌నెస్ చూడాలి. డేటాబేస్ వంటి బయటి ఆధారాలను తప్పక చూడాలనుకుంటే ఆ పని రెడీనెస్ ప్రోబ్‌కు అప్పగించండి. అది విఫలమైతే పాడ్‌కు ట్రాఫిక్ ఆగుతుందే తప్ప కంటైనర్ రీస్టార్ట్ కాదు. అయితే మూడూ ఒకేసారి తప్పుకుంటే సేవ మొత్తం ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక సందేహం. మామూలుగా ఆగమంటే జేవీఎమ్ (జావా ప్రోగ్రామును నడిపే ప్రాసెస్) 143 కోడ్‌తో ముగియాలి. మీకు 137 వస్తోందంటే సిగ్‌టెర్మ్ (ఆగమని ముందుగా అడిగే సంకేతం) దాని దాకా చేరడం లేదేమో. మీ ఇమేజ్ షెల్ స్క్రిప్ట్‌తో మొదలవుతుందా?

తీగలపందిరి:
కొలిమి గారి మాటతో ఏకీభవిస్తూనే, మెమరీ సంగతిని పూర్తిగా పక్కన పెట్టవద్దని కోరుతున్నాను. విడిగా చెప్పకపోతే జేవీఎమ్ కంటైనర్ లిమిట్‌లో 25 శాతాన్నే గరిష్ఠ హీప్‌గా (ప్రోగ్రామ్ తన డేటాను ఉంచుకునే మెమరీగా) తీసుకుంటుంది. అంటే మీరు 2 గిగాబైట్లు ఇచ్చినా హీప్ సుమారు 512 మెగాబైట్లే. అది నిండి చెత్త సేకరణ (ఇక అవసరం లేని డేటాను తీసేసి మెమరీ ఖాళీ చేయడం) కోసం ప్రాసెస్ ఆగిన ప్రతిసారీ ఆ 1 సెకను గడువు దాటిపోవచ్చు. అలాగని హీప్‌ను లిమిట్‌కు సమానంగా పెట్టవద్దు. నేను అలా పెట్టి నిజమైన ఓఓఎమ్‌కిల్డ్‌నే తెచ్చుకున్నాను, ఎందుకంటే థ్రెడ్లకూ మెటాస్పేస్‌కూ (క్లాసుల వివరాలు ఉండే చోటుకూ) హీప్ వెలుపల చోటు కావాలి.

నీలిమేఘం:
కొలిమి గారి ఊహ నిజమే. మా స్క్రిప్ట్ జావాను పిల్ల ప్రాసెస్‌గా ప్రారంభిస్తోంది. 1వ నంబరు ప్రాసెస్‌గా ఉన్న షెల్ సిగ్‌టెర్మ్‌ను జావాకు అందించకపోవడంతో 30 సెకన్ల గడువు అయిపోయి సిగ్‌కిల్ పడుతోంది. చివరి వరుసలో జావా ముందు ‘ఎగ్జెక్’ (షెల్ స్థానంలోనే జావాను నడిపించే ఆదేశం) చేర్చాను. లైవ్‌నెస్ నుంచి డేటాబేస్ క్వెరీని తీసేశాను, గడువును 3 సెకన్లకు పెంచాను, హీప్‌ను 60 శాతానికి మార్చాను. నాలుగు రోజులుగా, రద్దీ వేళల్లో కూడా, ఒక్క రీస్టార్ట్ లేదు. మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. అయితే ఈ సేవ లేవడానికే ఒకటిన్నర నిమిషం పడుతుంది కాబట్టి లైవ్‌నెస్‌కు 120 సెకన్ల ప్రారంభ విరామం ఇచ్చి ఉంచాను. ఇది సరైన పద్ధతేనా?

పహరా:
దానికి బదులు స్టార్టప్ ప్రోబ్ పెట్టండి, అది కుబెర్నెటీస్ 1.20 వెర్షన్ నుంచి స్థిరపడింది. 10 సెకన్లకు ఒకసారి చొప్పున 30 వైఫల్యాలు అనుమతిస్తే లేవడానికి 300 సెకన్ల వరకు వ్యవధి దొరుకుతుంది. అది నెగ్గేవరకు లైవ్‌నెస్ మొదలు కాదు. 40 సెకన్లలోనే లేచిన రోజున మిగతా 80 సెకన్లు కాపలా లేకుండా గడిచిపోవు.