టేకు బల్ల మీద పాత పెయింట్ తీసేదెలా?

కోనసీమ_కుర్రోడు: తాతయ్య చేయించిన టేకు బల్ల. బాబాయి దానికి నీలం ఎనామిల్ వేయించాడు. కింద పాత పాలిష్ ఉన్నట్టుంది. రంగు ఎలా తీయాలి, పైన ఏం కొట్టించాలి? ఒక కాలు కూడా ఊగుతోంది. బర్మా టేకే అనుకుంటా.

ఓరుగల్లు_బిడ్డ: ఎవరింట్లో చూసినా బర్మా టేకే! మా ఆదిలాబాద్ అడవి కర్రకేం తక్కువైందన్నా?

స్వప్న_గుంటూరు: కాస్టిక్ సోడా మాత్రం వద్దు. మా పెయింటరు వద్దంటే వినకుండా పోశాడు, టేకంతా నల్లబడింది. డబ్బులు మాత్రం పూర్తిగా అడిగాడు.

చేవకర్ర: మా ఇంట్లో తరాలుగా వడ్రంగమే, వినండి. బల్ల ఆరుబయట పెట్టి, గ్లౌజులేసుకుని రిమూవర్ రాయండి. రంగు ఉబ్బాక గీకెయ్యండి. పాత ఎనామిల్లో సీసం ఉండొచ్చు, మిషన్ పెట్టి దుమ్ము లేపకండి. తర్వాత స్పిరిట్‌లో ముంచిన దూది పాత పాలిష్‌కి అద్దండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్ (షెల్లాక్). మళ్ళీ లక్కే వేయండి.

మియాపూర్_ఫ్లాట్: లక్కా? వేడి టీ గ్లాసు పెడితే తెల్ల మచ్చ. పీయూ (పాలీయురేథేన్ పాలిష్) కొట్టించి హాయిగా ఉండండి.

చేవకర్ర: గ్లాసు కింద ఏదైనా పెట్టుకోవడానికి బద్ధకమా? పీయూ గీత పడితే అక్కడికక్కడ సర్దడం కష్టం, పలకంతా రుద్దాలి. లక్కకి మచ్చ పడినచోటే గుడ్డతో దిద్దొచ్చు.

మియాపూర్_ఫ్లాట్: మాది పిల్లలున్న ఇల్లండీ, మ్యూజియం కాదు.

చేవకర్ర: టేకులో నూనె ఉంటుంది. ముందు తిన్నర్‌తో తుడవకుండా పీయూ కొడితే పొరలు లేస్తాయి. ఆ సంగతి చెప్పరే?

మియాపూర్_ఫ్లాట్: అడిగితే చెప్పేవాణ్ణి. మీరు మాట్లాడనిస్తేగా!

డల్లాస్_అత్తయ్య: గొడవెందుకు నాయనా. నేను అవిసె నూనె రాస్తాను, కర్ర కళే వేరు. తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి.

ఓరుగల్లు_బిడ్డ: గుడ్డ దానంతటదే అంటుకుంటదా అత్తయ్యా? మీ అమెరికాలోనా?

డల్లాస్_అత్తయ్య: ఎక్కడైనా అంతే. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పరిచి ఆరబెట్టాలి.

కోనసీమ_కుర్రోడు: రుద్దడానికి ఎమరీ పేపర్ ఏ నంబరు? కాలి సంగతి?

చేవకర్ర: 80, 120, 180, చివర 220. కర్ర రేఖల వెంట రుద్దు, అడ్డంగా వద్దు. ముసురు రోజుల్లో లక్క వేయకు, తెల్లబారుతుంది.

స్వప్న_గుంటూరు: రోజ్‌వుడ్ మంచానికీ ఇవే నంబర్లా?

ఓరుగల్లు_బిడ్డ: కాలికి మేకు కొట్టకు తమ్మీ. కుసి (రంధ్రంలో దూరే కర్ర కొస) వదులైతది. ఊడదీసి, పాత బంక గీకి, ఫెవికాల్ పెట్టి తాడుతో బిగించు. అది బర్మాది మాత్రం కాదు.